మరక పైకి

ముప్పై ఎనిమిదేళ్లుగా నా పని మరకలు తీయడం. ఆ గురువారం పొద్దున మాత్రం నేను మరకలు వేశాను. ఒకటీ రెండూ కాదు, ఎనభై నాలుగు దుప్పట్ల మీద.

తొట్టిలోకి వెళ్లేటప్పుడు అవి మామూలు ఆసుపత్రి దుప్పట్లే. అక్కడక్కడ లేత గులాబీ రంగు చారలు తప్ప చెప్పుకోదగ్గ మురికి కూడా లేదు. రక్తం ఉన్నవాటిని ముందే ఏరి చన్నీళ్లలో నానబెట్టాను. మిగతావి బ్లీచింగ్ నీళ్లలో వేసి, అరగంట ఆగి, కర్రతో ఎత్తి చూశాను. గులాబీ చార ఉన్న ప్రతిచోటా గోధుమరంగు మచ్చ. టీ ఒలికి ఎండిపోయినట్టు, ఒక్కొక్కటి అరచెయ్యంత. నేను చూస్తుండగానే ఇంకా ముదురుతున్నాయి.

"మామా, అదేంటి మాడిపోయినట్టుంది?" అంది జాడింపు తొట్టి దగ్గర నుంచి రేడియో.

ఆవిడని అందరం రేడియో అనే పిలుస్తాం. పొద్దున షెడ్డు తలుపు తీసిన దగ్గర నుంచి తాళం వేసేదాకా ఆ నోరు ఆగదు. స్టేషను మార్చుకునే వీలు కూడా లేదు.

"నీ తొట్టికి నీళ్లు ఏ పైపు నుంచి పట్టావు?" అన్నాను.

"రోజూ పట్టే పైపే. ఎందుకు?"

"తుప్పు నీళ్లు పట్టి ఉంటావు. ఆ తుప్పే ఎక్కింది."

"నా తొట్టిలోకి అవింకా రానేలేదు కదా మామా! నీ కర్ర మీదే వేలాడుతున్నాయిగా."

నిజమే. కానీ ఆడలేక మద్దెల ఓడు అంటారే, నాకప్పుడు అర్జంటుగా ఒక మద్దెల కావాలి. గొంతు పెంచాను. నిన్నటి బకెట్టు, మొన్నటి సబ్బు, ఎప్పుడో మూడేళ్ల కిందట ఆవిడ చేతిలో చిరిగిన తువ్వాలు, అన్నీ బయటికి తీశాను. షెడ్డులో ఆడవాళ్లంతా పని ఆపి చూస్తున్నారు. చూసేవాళ్లుంటే నాకు నోరు ఇంకా లేస్తుంది. "నోరు చేసే పనిలో సగం చెయ్యి చేస్తే ఈ పాటికి బాగుపడేదానివి" అన్నాను.

రేడియో ఆగిపోయింది. పదేళ్లలో ఎవరూ ఆపలేనిదాన్ని నేను ఆపాను. తడి చేతులు చీరకి తుడుచుకుని, తొట్టి వైపు తిరిగి, ఏమీ లేని నీళ్లని జాడించడం మొదలుపెట్టింది.

మా షెడ్డు ఒకప్పుడు ఐసు ఫ్యాక్టరీ. మూతబడి, గబ్బిలాలు చేరి, ఎవరికీ అక్కరలేకుండా ఉండేది. అప్పట్లో మేమంతా యజమాని లాండ్రీలో పనిచేసేవాళ్లం. ఎవరి చేతి మీదుగా మరక మిగిలితే వాళ్ల కూలీలో కోత, అదీ అక్కడి పద్ధతి. ఒకరోజు పెద్ద మిషను దిగింది. దాన్ని లారీలోంచి దించడానికి ఆడవాళ్ల చేతే చప్టా కడిగించి, సాయంత్రం అందర్నీ పొమ్మన్నాడు. పద్నాలుగు మంది అన్నం డబ్బాలు చేతపట్టుకుని గేటు బయట నిలబడ్డారు. వాళ్లలో నా చెల్లెలు ఒకతి.

అందరూ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లి ఏడ్చి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. నా చెల్లెలు వెళ్లనివ్వలేదు. "ఉతకడం మనకొచ్చు, ఆయనకి రాదు. ఆయన దగ్గర ఉన్నది తొట్టి. తొట్టి ఎక్కడ దొరకదే?" అందట. తలా కొంత వేసుకుని ఈ షెడ్డు అద్దెకి తీసుకున్నారు. ఐసుగడ్డల కోసం కట్టిన సిమెంటు తొట్లు గుడ్డలకి పనికొచ్చాయి. ఊరంతా నవ్వింది. ఆ నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను, దాచడం ఎందుకు.

ఇప్పుడు ముప్పై ఒక్క మంది. రెండు మిషన్లు వాళ్లవే. ఒక్కొక్కరికి ఒక్క వాటా, ఎవరికీ రెండోది లేదు. గోడ పక్కన గొంతుక్కూర్చుని చల్లన్నం తిన్నవాళ్లు బల్లల మీద కూర్చుని తింటున్నారు. రేడియో ఇంటి మీద రేకులు పోయి స్లాబు పడింది. మడత దగ్గర కూర్చునే పెద్దమ్మ రెండు కళ్లకీ ఆపరేషను చేయించుకుని, ఇప్పుడు మా అందరి తప్పులూ దూరం నుంచే చూస్తోంది. ఒంటరిగా కష్టపడి పైకొచ్చిన పేదవాళ్ల కథలు నేనూ చాలా విన్నాను. మనిషిని మాత్రం ఇంతవరకు చూడలేదు.

నన్ను యజమాని ఇంకో ఐదేళ్లు ఉంచుకున్నాడు. తర్వాత మరకలు తీసే పొడి ప్యాకెట్లలో రావడం మొదలైంది. నాకూ గేటు చూపించాడు. చెల్లెలు వచ్చి పిలిచింది. సంఘంలో సభ్యులు ఆడవాళ్లే, నేను జీతగాణ్ణి. మీటింగులో కూర్చోవచ్చు, చెయ్యెత్తడానికి లేదు. చెల్లెలి కింద జీతానికున్న అన్నని చూసి నవ్వడం టీకొట్టు దగ్గర చాలామందికి రోజువారీ పని. అందుకేనేమో నా ఏడు సీసాల మీద పేర్లు రాయలేదు. ఏ మరకకి ఏ సీసానో వాసన చూసి నేనే చెప్పాలి. పేర్లు రాసి పెడితే ఇక నాతో ఏం పని?

ఆసుపత్రి గుడ్డలు మూడు నెలలుగా సగం మాకు, సగం యజమానికి ఇస్తున్నారు. శనివారం స్టోరు సారు ఇద్దరి కట్టలూ చూసి, మొత్తం పని ఒకరికే రాసిస్తానన్నాడు. ఆ పని పోతే షెడ్డు నిలవదు. షెడ్డు పోతే ముప్పై ఒక్క మందీ మళ్లీ ఎవరి గుమ్మం వాళ్లు వెతుక్కోవాలి. నేను మరకలు వేసింది అంతకు రెండు రోజుల ముందు.

ఏడు సీసాలూ అయ్యాయి. మచ్చ కదల్లేదు. ఎండకేశాను, నిమ్మ ఉప్పు రుద్దాను, మళ్లీ ఉడకబెట్టాను. మధ్యాహ్నానికి చెల్లెలు డాబా మీద తీగల దగ్గర నుంచి దిగి వచ్చింది. ఒక దుప్పటి వెలుతురుకి పట్టి చూసింది.

"పోవు కదా అన్నా?"

"పోవు."

"మరి?"

"మడతలో పెట్టేద్దాం."

దాన్ని దొంగ మడత అంటారు. మరక మూడో మడతలోకి వెళ్లేలా దుప్పటి తిప్పుకోవాలి. పైన తెల్లటి అంచు, పక్కన తెల్లటి అంచు. లెక్కబెట్టుకునేవాడు మొదటి మడత ఎత్తి చూస్తాడు, మహా అయితే రెండోది. పన్నెండేళ్లకి బడి మానేసి వస్తే యజమాని నాకు నేర్పిన మొదటి విద్య అదే. మరక తీయడం ఆ తర్వాత నేర్చుకున్నాను.

"ఎక్కడో ఒకచోట విప్పుతారు కదా" అంది చెల్లెలు.

"మంచం మీద విప్పుతారు. అప్పటికి సంతకం అయిపోతుంది."

"ఆ మంచం మీద పడుకునేది ఎవరన్నా? పెద్దింటివాళ్లు ఆ ఆసుపత్రికి వస్తారా? నా ఇద్దరు పిల్లలూ అక్కడే పుట్టారు. అమ్మ పోయింది అక్కడే. ఎవరి మురికి మీదో పడుకున్నామే అనుకుంటూ పోయింది."

"నీతులు చెప్పకు. శనివారం పని పోతే నీతి ఉతుక్కుని బతుకుతావా?"

"కోతకి భయపడి మరక దాచేవాళ్లం అక్కడ. ఇక్కడ కోత లేదు. ఎవరికి భయపడి దాచాలి?" అని గొంతు పెంచి అందర్నీ పిలిచింది. "మరకలున్నవి మరకలతోనే చూపిద్దాం అనేవాళ్లు చేతులెత్తండి."

ఇరవై రెండు చేతులు లేచాయి. తొమ్మిది లేవలేదు. రేడియో చెయ్యి అందరికన్నా ముందు లేచింది, మాట మాత్రం లేదు. నా చెయ్యికి లెక్క లేదు కాబట్టి జేబులో పెట్టుకున్నాను. "మునగండి, అందరూ కలిసే మునగండి" అన్నాను.

"అబ్బాయ్!" అంది పెద్దమ్మ తన పీట మీద నుంచి. "పొద్దున దాన్ని అన్ని మాటలన్నావు. రేపు నువ్వూ అదీ ఒకే దుప్పటికి."

ఇది మా షెడ్డులో పాత పద్ధతి. మొదటి ఏడాది ఇద్దరు ఆడవాళ్లు ఆరబెట్టే తీగ కోసం జుట్లు పట్టుకుంటే పెద్దమ్మ పెట్టింది. తగువు పడ్డవాళ్లిద్దరూ ఆ రోజు మడతలన్నీ కలిసి వెయ్యాలి. పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల కాదు. చెరో రెండు మూలలూ పట్టుకోవాలి, ఒకేసారి లాగాలి, ఒకేసారి విదిలించాలి, ఎదురెదురుగా నడిచి వచ్చి మూలలు చేతికివ్వాలి. మొహం చూడకుండా కుదరదు. అడుగు తప్పితే దుప్పటి నేల మీద పడుతుంది, మళ్లీ ఉతకాలి. మొదట్లో నేనూ నవ్వాను. కానీ యజమాని దగ్గర తగువులు ఏళ్ల తరబడి నానేవి, ఇక్కడ సాయంత్రానికి ఆరిపోతాయి.

"నేను సభ్యుణ్ణి కాను. నాకా పద్ధతి వర్తించదు" అన్నాను.

"నోటికి వర్తించింది కదా, చేతులకీ వర్తిస్తుంది" అంది పెద్దమ్మ.

శుక్రవారం పొద్దున రేడియో నాకు ఎదురుగా నిలబడింది. లాగాం, విదిలించాం, నడిచాం. ఆవిడ వేళ్లు తగులుతున్నాయి, కళ్లు మాత్రం నా భుజం మీదుగా గోడకి. అలవాటు కొద్దీ నా చేతులు మరకని లోపలికి తిప్పుతున్నాయి. ఆవిడ మాట్లాడకుండా అటు నుంచి దుప్పటిని తిరగేసి మరక పైకి తెస్తోంది. నేను తిప్పడం, ఆవిడ తిరగెయ్యడం. పదో దుప్పటికి నా చేతులు మానుకున్నాయి. ఇరవైకి ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను. షెడ్డులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. తొట్టి కుళాయి చుక్కలు కూడా లెక్కపెట్టొచ్చు.

ముప్పయ్యో దుప్పటి దగ్గర అన్నాను. "ఆ గులాబీ మందు సంగతి పోయిన వారమే చెప్పావు నువ్వు."

చెప్పింది. ఆవిడ ఆడపడుచు ఆసుపత్రిలో ఆయా. ఆపరేషనుకి ముందు ఒళ్లు తుడవడానికి కొత్తగా గులాబీ రంగు మందు వచ్చిందనీ, అది తగిలిన గుడ్డ బ్లీచింగ్‌లో పెడితే పాడవుతుందని నర్సులు అనుకుంటున్నారనీ ఆయా చెబితే, రేడియో వచ్చి నాకు చెప్పింది. 'మరకల గురించి ఆయమ్మ నాకు పాఠం చెబుతుందా' అని నేనే కొట్టిపారేశాను.

"చెప్పాను" అంది రేడియో.

"తప్పు నాదే. నీ నీళ్లది కాదు."

ఆవిడ మొదటిసారి నా మొహం చూసింది. "ఇంకోసారి గట్టిగా చెప్పు మామా. ఇస్త్రీ బల్ల దగ్గరివాళ్లకి వినపడలేదు."

గట్టిగా చెప్పాను. ఇస్త్రీ బల్ల దగ్గర ఎవరో ఈల వేశారు. దుప్పటి మూలలు నా చేతిలో పెట్టి రేడియో మొదలుపెట్టింది. ఆడపడుచు మోకాలి నొప్పి, పక్కింటి కుక్క, పెరిగిన బస్సు టిక్కెట్టు. మిగతా యాభై నాలుగు దుప్పట్లూ ఆ వార్తలు వింటూనే మడిచాను.

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర యజమాని కారు ఆగింది. దిగలేదు, అద్దం దించాడు.

"ఒరేయ్ మరకా! ఎనభై దుప్పట్లు తగలెట్టావట. ముసలాడివైపోతున్నావురా."

నాకు యాభై. ఆయనకి అరవై ఎనిమిది.

"రేపు స్టోరు సారు ముందు ఒక్క మాట చెప్పు. ఆడవాళ్ల వల్ల కావట్లేదయ్యా అని. సోమవారం నుంచి నా దగ్గర సూపర్‌వైజరువి. కుర్చీ వేయిస్తాను, ఫ్యాను కింద. నీ సీసాలు పట్టుకొచ్చెయ్."

"మీకు మచ్చలు పడలేదా అయ్యా? మీకొచ్చేవీ ఆ ఆసుపత్రి గుడ్డలేగా."

"నా దగ్గర మచ్చా?" నవ్వి అద్దం ఎత్తేశాడు. టీకొట్టు వాడు నా గ్లాసు కడుగుతూ, "ఏంటన్నా, ఆడోళ్ల జీతం మానేసి మగోడి జీతానికి పోతున్నావా?" అన్నాడు. చిల్లర వాడి చేతిలో పెట్టాను. మనసు వేరే లెక్కలో ఉంది. అదే మందు, అదే బ్లీచింగ్. ఆయన మిషను ఎంత పెద్దదైతే మాత్రం మచ్చ ఎక్కడికి పోతుంది? ఎక్కడికి పోతుందో నాకన్నా తెలిసినవాడు లేడు.

శనివారం నేనూ చెల్లెలూ రేడియో తోపుడుబండి మీద కట్టలు తీసుకెళ్లాం. ఆసుపత్రి స్టోరు ఇనప అరల గది. ఫినాయిలు వాసన, ఒక బల్ల, రెండు కుర్చీలు. ఒకదాంట్లో స్టోరు సారు, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని. ఇంకోదాంట్లో యజమాని. మమ్మల్ని ఎవరూ కూర్చోమనలేదు. ఎర్ర దారం గుర్తున్న యజమాని కట్టలు అప్పటికే బల్ల మీద పాలరాయిలా ఉన్నాయి. మావి నీలం దారం.

చెల్లెలు ముందు మచ్చలవే పెట్టింది. మరక పైకి.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు సారు.

"మేం పాడుచేసినవి సార్. ఎనభై నాలుగు. బాగున్నవి వేరే కట్టాం, అవీ చూసుకోండి."

యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు. "చెప్పాను కదండీ. ఇల్లు ఊడ్చుకునేవాళ్లని తీసుకొచ్చి ఆసుపత్రి అప్పగిస్తే ఇంతే. ఒరేయ్ మరకా, చెప్పరా సారుకి."

చెప్పాను. "పాడుచేసింది ఆడవాళ్లు కాదు సార్, నేను. కొత్త మందు సంగతి వీళ్లు ముందే చెప్పారు. నేను వినలేదు. వీళ్లు దాయొద్దన్నారు. నేను దాచేద్దామన్నాను. అదీ వినలేదు వీళ్లు."

సారు కలం తీశాడు. ఏదో రాయబోతున్నాడు. చెల్లెలి మొహం చూడలేదు నేను, తోపుడుబండి పిడి మీద బిగిసిన ఆమె చెయ్యి చూశాను. అప్పుడు యజమాని, ఎవరూ అడక్కుండానే, "నా కట్టల్లో ఒక్క మచ్చ చూపించమనండి" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనలేదు. ఆయనే భుజాలు తడుముకున్నాడు.

బల్ల దగ్గరికి వెళ్లాను. ఎర్ర దారం కట్టలోంచి మధ్య దుప్పటి లాగాను. ఆ మడత విప్పడానికి నాకు చూపు అక్కర్లేదు, వేళ్లకి తెలుసు. ఒకటి, రెండు, మూడు. టీ రంగు మచ్చ, అరచెయ్యంత. ఇంకోటి లాగాను. ఇంకోటి. ఐదోదానికి సారు కళ్లద్దాలు నుదుటి మీద నుంచి కళ్ల మీదికి దిగాయి.

"మూడో మడతలో పెట్టారు సార్. ఈ మడత ఆయనే నాకు నేర్పారు."

"నా ఉప్పు తిన్నావురా నువ్వు!" యజమాని లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

"ఉప్పు కాదయ్యా. నేను తిన్నది మీ బ్లీచింగ్." రెండు చేతులూ బల్ల మీద పరిచాను. నాలుగు వేళ్లకి గోళ్లు లేవు, మళ్లీ రావు. "ఇన్నేళ్లూ మరకలు మీవి, కోతలు మావి. ఇంక మీ మరక మీరే మొయ్యండి."

"అయ్యగారు మనతో తగువు పడ్డారు కదా" అంది రేడియో మెల్లగా, అంటే గదంతా వినపడేలా. "పెద్దమ్మకి చెప్పి ఆయన్నీ ఒక దుప్పటికి పెట్టిద్దామా?"

సారు నవ్వలేదు. వార్డు నర్సుని పిలిపించాడు. ఆమె మచ్చ చూడగానే, "ఆ మందు తగిలింది బ్లీచింగ్‌లో వేశారా? వార్డులో అందరికీ చెప్పాం. లాండ్రీవాళ్లకి ఎవరూ చెప్పలేదా?" అంది. చెప్పారు. ఒక ఆయమ్మ చెప్పింది. ఆయమ్మ మాట ఏ కాగితం మీదా ఎక్కదు కదా.

చివరికి సారు రాసింది ఇది. పని మొత్తం ఆరు నెలలు సంఘానికి. పాడైన ఎనభై నాలుగింటికీ సంఘం కొత్త దుప్పట్లు ఇవ్వాలి. ఎర్ర దారం వాటికి యజమాని ఇవ్వాలి. నాకు నచ్చలేదు. ఒప్పుకున్నవాళ్లకీ దాచినవాళ్లకీ ఒకే శిక్షేంటని అడగబోయాను. చెల్లెలు నా చొక్కా లాగింది. "పని మనది. అది చాలు" అంది.

షెడ్డుకి వచ్చాక నేనే అన్నాను, ఆ కొత్త దుప్పట్ల ఖర్చు నా జీతంలో పట్టుకోమని. మొదట చెయ్యెత్తని తొమ్మిది మందిలో ఇద్దరు తలలూపారు కూడా.

"పట్టుకోం" అంది చెల్లెలు. "మరక పడితే అందరిదీ. కోత అనే మాట ఈ షెడ్డులోకి వచ్చిందంటే, రేపు మరక మడతలోకి పోతుంది. మనం ఆ గేటు బయటికి వచ్చింది మళ్లీ అదే గేటు ఇక్కడ కట్టుకోడానికి కాదు."

తలలూపిన ఇద్దరూ కొంచెం గొణిగారు, అంతే.

సోమవారం పొద్దున నేను నా మూల దగ్గరికి వెళ్లేసరికి చెల్లెలు కాగితం ముక్కలు, జిగురు, పెన్ను పట్టుకుని నిలబడి ఉంది. "సీసాల మీద పేర్లు రాద్దాం అన్నా. నీకు జ్వరం వస్తే మేమేం చెయ్యాలి?"

"నాకు జ్వరం రాదు."

"నీకు తెలియని మరక కూడా రాదన్నావు."

"ముప్పై ఎనిమిదేళ్ల విద్య. కాగితం ముక్క మీద రాసి గోడకి అతికించుకుంటావా? రాయను. ఏం చేసుకుంటావో చేసుకో!"

నా గొంతు షెడ్డు చివరిదాకా వెళ్లినట్టుంది. పెద్దమ్మ పీట మీద నుంచి చెయ్యి ఎత్తి ఇద్దర్నీ చూపించింది. ఇంక ఏమీ అననక్కర్లేదు.

నా తోబుట్టువు ఎదురుగా దుప్పటి మూలలు పట్టుకుని నిలబడ్డాను. ఇంత దగ్గరగా, ఇంతసేపు ఆమె మొహం చూసి ఎన్నేళ్లయిందో. కణతల దగ్గర తెల్లబడింది. లాగాం. విదిలించాం.

"మొదటి సీసాలో ఏముంది?"

"చెప్పను."

నడిచి వచ్చి మూలలిచ్చింది. ఇంకో దుప్పటి. "మొదటి సీసాలో?"

పదకొండో దుప్పటికి మూడు సీసాల పేర్లు చెప్పాను. రేడియో పక్కనే నిలబడి రాసుకుంది, రాసినంతసేపూ మాట్లాడుతూనే. నాలుగోది మాత్రం చెప్పలేదు. రేపటికి కూడా ఒక తగువు ఉండాలి కదా.